మనవుల పుస్తకంలో నయోమి

మా సంఘంలో మనవుల పుస్తకం అని ఒకటుంది. ఎర్ర అట్ట, రెండు వందల పేజీలు. ఎవరికి ఏ కష్టమున్నా, ఏ కోరికున్నా పోయి దీనమ్మకు చెబితే గుండ్రటి అక్షరాలతో అందులో రాస్తుంది. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఒక్కొక్కటే చదువుతారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. వరసగా రెండేళ్ళు, ఒక్క వారం కూడా తప్పకుండా, ఆ పుస్తకంలో మొదటి మనవి నాదే. "ఏసుమణమ్మ గారి మనవరాలు జీవితకు డాక్టరు సీటు రావాలని." ఆ మాట చదివేటప్పుడు నేను కొంగు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చునేదాన్ని. దాచుకోవడం ఎందుకు, నాకు గర్వంగానే ఉండేది.

కిందటి ఎండాకాలం ఆ పుస్తకం వల్లనే సంఘం ముందర నా పరువు కాస్తా పోయింది. పోయినందుకు ఇప్పుడు నాకు ఏ బాధా లేదు. ఆ సంగతే చెబుతాను.

మాది బేతంచెర్ల. నాపరాయి గనులున్న ఊరు కదా, దుమ్ము అన్నంలోకి కూడా వస్తుంది. మా ఆయన జ్ఞానరాజు ముప్పై ఏళ్ళు గనిలో బండలు తీశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గి దగ్గి పోయాడు. గుంతలో మన్ను వేసేటప్పుడు నా కొడుకు హెన్రీ, "నాయినా, నా కూతుర్ని డాక్టర్ని చేస్తా, ఈ ఊళ్ళోనే కూర్చోబెడ్తా" అని అందరూ వినేట్టు చెప్పాడు. వాడి చెయ్యి పట్టుకొని నిలబడిన జీవితకు అప్పుడు ఎనిమిదేళ్ళు. మాకందరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట పిల్లకు అర్థమయిందో లేదో ఎవరమూ అడగలేదు.

ఇంటరు అయ్యాక పరీక్ష రాసింది, సీటు రాలేదు. ఒక పట్నంలో లాంగ్‌టర్మ్ హాస్టల్లో వేశాం. ఏడాదంతా చదివి కిందటి మే నెల మొదట్లో మళ్ళీ రాసి ఇంటికొచ్చింది. కీ చూసుకుంటే ఈసారీ రాదని తేలిపోయింది. "ఇంకొక్క ఏడు కూర్చోబెట్టండి, ఖాయం" అన్నారు హాస్టలువాళ్ళు. హెన్రీ సరేనన్నాడు. ఎలాగూ వచ్చేదే కదా అని దాని ట్రంకుపెట్టె కూడా అక్కడే పెట్టించుకున్నారు. జూన్ రెండున తిరిగి పోవాలి.

పిల్ల మాత్రం మునుపటి పిల్ల కాదు. "బజారుకొస్తావా మే?" అంటే "సరే అవ్వా." "వద్దులే, ఎండ శానా ఉండాది, ఇంట్లో ఉండు" అంటే "సరే అవ్వా." చిన్నప్పుడు ఒక్కదానికి పది ఎదురు చెప్పే గయ్యాళిది, దీనికేమైందిరా దేవుడా అనుకున్నాను. బుద్ధి వచ్చిందిలే అంది కోడలు కృపారాణి. అంత బుద్ధి నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం పూట హెన్రీ పాలిష్ ఫ్యాక్టరీలో, కృప అంగన్‌వాడీలో. ఇంట్లో నేనూ అదీ. బండల మీద నీళ్ళు చల్లి పడుకుంటే చల్లగా ఉంటుంది. అది గోడవారకు తిరిగి ఫోను చూస్తుంటుంది. ఒకరోజు నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఏందిమే అది, పొద్దస్తమానం?"

"ఆనిమే అవ్వా."

"నిమ్మా? నిమ్మకాయల్ని ఏం జూస్తావే?"

"నిమ్మ గాదవ్వా, ఆనిమే. జపానోళ్ళ బొమ్మల కత."

"బొమ్మలు చూసేకి నువ్వేమన్నా సంటిబిడ్డవా? పద్దెనిమిదేండ్లు దాటె!"

"ఇది సంటిబిడ్డలది గాదు." అని ఆగింది. తరువాత ఇటు తిరిగి కూర్చుంది. "నువ్వు గూడా సూడవ్వా. పన్నెండు భాగాలే. ఒక్కటి సూడు, నచ్చకుంటే మల్ల అడగను."

ఇంటికొచ్చినప్పటినుంచీ ఆ పిల్ల తనంతట తాను అడిగిన మొదటి మాట అది. నేను కాదంటానా? ఫోనును చెంబుకు ఆనించి ఇద్దరం కూర్చున్నాం. ఆ కథకు జపాన్ భాషలో ఉన్న పేరు చాలా పొడుగు, నా నోరు తిరగలేదు. వాళ్ళ మాటలు అర్థం కావు, కింద ఇంగ్లీషులో పడే అక్షరాలు నేను చదవలేను. అది చూసి జీవిత ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతుంది.

ఊరంతటికీ కలిపి ఇనుప కప్పు వేసిన పట్నం అది. ఆకాశం కనపడదు. పదేళ్ళు రాగానే ప్రతి బిడ్డనూ ఒక మిషను ముందర నిలబెడతారు. నువ్వు ఫలానా పని చేయాలి అని ఆ మిషను చెబుతుంది. ఆ ప్రకారమే బతుకంతా. ఆకలి లేదు, రోగం లేదు, తాగి వచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడు లేడు.

"ఇదేదో పరలోకం మాదిరుండాదే!" అన్నాను.

జీవిత నన్ను అదోలా చూసింది. "ఇంగా సూడు" అంది.

ఆ పట్నంలో ఒక పిల్ల ఉంది. దాని పేరు జీవిత చెబితే నయోమి అని వినపడింది నాకు. నయోమి అంటే మావాళ్ళ పేరే, మా సంఘంలోనే ఇద్దరున్నారు. జపాన్‌లో కూడా ఆ పేరు ఉందంట. ఆ పిల్లకు మిషను అందరికంటే గొప్ప పనిచ్చింది, ఎత్తైన గోపురం పైన కూర్చుని ఊరంతటినీ చూసుకునే పని. వీధి వీధంతా పండగ చేసుకున్నారు. పిల్ల ముఖం మాత్రం వాడిపోయింది.

"ఇష్టం ల్యాకుంటే చెప్పచ్చు గదా ఆ యమ్మి?"

"ఎట్ల చెప్తాదవ్వా? ఆ ఊళ్ళో వద్దు అనే మాటే ల్యాదు."

"ల్యాకపోవడమేందే?"

"బడి పుస్తకాల్లోనించి ఎప్పుడో తీసేసినారు. ఎవురికీ తెలీదు. నోట్లోకి రాదు."

"మాట రాకుంటే తల అడ్డంగా ఊపచ్చు గదా."

"ఊపితే మెడనొప్పేమో అని మాత్ర ఇస్తారు."

నాకు నవ్వొచ్చింది. అది నవ్వలేదు. "శానా బాగుండాదిమే, రేపు ఇంగోటి పెట్టు" అన్నాను. ఉట్టినే అనలేదు, నిజంగానే బాగుంది. మా టీవీ సీరియళ్ళలో ఒక కాటుక కంటి అత్త ఆరు నెలలు తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. ఇది అట్లా కాదు, చూసినాక కూడా తలలో తిరుగుతూనే ఉంటుంది. మిషను మంచిదా చెడ్డదా అని అంట్లు తోముతూ వాదించుకునేదాన్ని నాలో నేనే.

నాలుగు రోజులు, నాలుగు భాగాలు. శుక్రవారం దీనమ్మ ఇంట్లో స్త్రీల కూడిక జరిగింది. నా నోరు ఊరుకుంటే కదా. పాటలయ్యాక అందరికీ ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. బొమ్మల కథ అని ముందే చెప్పాను, నా తప్పేం లేదు. కానీ ఆ ముక్క చెప్పేటప్పుడు దీనమ్మ వంటింట్లో టీ కాస్తోంది. గ్లాసులు తీసుకొచ్చేసరికి నేను సగంలో ఉన్నాను. "పాపం నయోమి, ఇష్టంల్యాని పనిలో చిక్కుకున్యాది, వద్దనేకి నోరు ల్యాదు, ఆకాశం గూడా కనపడదు" అంటున్నాను. టీ గ్లాసులు కింద పెట్టి ఆమె కళ్ళొత్తుకుంది.

ఆదివారం అయ్యగారు పుస్తకం తెరిచారు. మొదటిది నాదే, ఆమెన్. కువైట్‌లో ఉన్నవాళ్ళ మనవులు మా పుస్తకంలో ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి, సేటు పాస్‌పోర్టు ఇవ్వలేదనో, జ్వరంతో పడుందనో. అవి చదివారు, ఆమెన్. ఆ వెంటనే, "జపాన్ దేశంలో, ఆకాశం కూడా కనపడని చోట, ఇష్టం లేని పనిలో చిక్కుకున్న నయోమి అనే బిడ్డకు విడుదల కలగాలని" అన్నారు.

సంఘమంతా గట్టిగా ఆమెన్.

పక్కకు చూస్తే జీవిత చున్నీ నోట్లో కుక్కుకొని ఊగిపోతోంది. భుజాలు అదురుతున్నాయి, కళ్ళల్లో నీళ్ళు. కృప ఉరిమి చూసినా ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! లేచి నిజం చెప్పాల్సిన దాన్ని, చెప్పలేదు. ఈ నవ్వు కోసమైతే ఇంకో నాలుగు అబద్ధాలైనా ఆడొచ్చు అనుకుని నోరు మూసుకున్నాను. బయటికొచ్చాక ముసలి జోసెఫన్న నన్నాపి, "మణమ్మా, జపాన్‌లో గూడా సేట్లు పాస్‌పోర్టు గుంజుకుంటారా?" అని అడిగాడు.

"అన్నా, ఆడ సేటు గాదు, మిషను" అన్నాను.

"అట్లయితే ఇంగా కష్టం" అని తల ఊపుకుంటూ పోయాడు.

మరుసటి వారం కూడా ఆ మనవి చదివారు. ఈలోగా మేం ఏడు భాగాలు చూసేశాం. ఎనిమిదోది చూసిన రోజు బాగా గుర్తుంది నాకు. ఉక్కపోత, కరెంటు పోయింది, నేను విసనకర్రతో ఇద్దరికీ విసురుతున్నాను. నయోమి గోపురం మెట్ల మీద నిలబడి ఉంది. జీవిత తెలుగులో చెబుతోంది.

"ఆ యమ్మి ఏమంటాదంటే అవ్వా, పొద్దున నాలుగున్నరకే బెల్లు కొడతారు. ఆదివారం ల్యాదు, క్రిస్మస్ ల్యాదు. వారానికోతూరి మార్కులు గోడకంటిస్తారు. తగ్గినోళ్ళను కింది సెక్షనుకు దింపుతారు. దింపినంక పైనోళ్ళు నాతో... ఆ యమ్మితో మాట్లాడరు."

ఆకాశమే లేని ఊళ్ళో క్రిస్మస్ ఎక్కడిదే అని అడగబోయి ఫోను వైపు చూశాను. బొమ్మపిల్ల నోరు మూసుకునే ఉంది. కింద అక్షరాలు కూడా పడటం లేదు. మెల్లగా ఏదో సంగీతం వస్తోంది, అంతే.

"స్నానాల గదిలో నీళ్ళు తిప్పిపెట్టి ఏడుస్తాది. ఏడ్చేది ఇనపడకూడదని. ఇంటికి ఫోన్ జేసినప్పుడు మాత్రం బాగుండానని చెప్తాది. వాళ్ళ అవ్వ ఊరందరితో ప్రార్థన చేయిస్తాంటాది. అందుకని చెప్పేకి రాదు."

నా చెయ్యి ఆగిపోతే అది కనిపెడుతుందని విసురుతూనే ఉన్నాను.

"తరవాత?" అన్నాను.

"అంతే అవ్వా. ఇంగేం చెప్పల్యా ఆ యమ్మి."

వంటింట్లోకి పోయి మజ్జిగ చిలికాను. చిలుకుతూ ఏడ్చాను. రెండేళ్ళు వారం వారం కొంగు సర్దుకుని కూర్చున్న నన్ను నేనే నాలుగు పీకాలనిపించింది. మజ్జిగ తెచ్చిచ్చి, దాని జడ విప్పి, చమురు రాసి మళ్ళీ అల్లాను.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. హెన్రీ మగవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని ఉన్నాడు.

"అయ్యగారూ, నా మనవి ఎనక్కి తీసుకుంటాండా" అన్నాను.

అయ్యగారు కళ్ళద్దాలు పైకి జరుపుకున్నారు. "నెరవేరిందామ్మా?"

"ల్యాదయ్యా. అది నా మనవి, నా కొడుకు మనవి. బిడ్డది గాదు. రెండేండ్లు మీ అందరితో ఆమెన్ అనిపించినా గానీ బిడ్డను ఒక్కతూరి గూడా అడగల్యా. అది తీసేయండి."

జోసెఫన్న ఒక్కడే అలవాటు కొద్దీ ఆమెన్ అన్నాడు. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మనవి వెనక్కి తీసుకునే పద్ధతి మన సంఘంలో లేదే అమ్మా" అన్నారు. "కొట్టేస్తే పేజీ పాడైపోతాది" అని దీనమ్మ పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

ఎటూ నిలబడ్డాను కదా, రెండోది కూడా కక్కేశాను. "ఇంగోటి. ఆ జపాన్ నయోమి మనిషి గాదు. బొమ్మ. సెల్లులో వచ్చే కత."

అప్పుడు చూడాలి గోల! "ఓసి నీ పాసుగూల! దాని కోసం రెండు శుక్రవారాలు ఉపాసముంటి గదే!" అని దీనమ్మ లేచి నిలబడింది. వెనక వరసల్లో పిల్లలు పగలబడి నవ్వారు. అయ్యగారు కూడా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. హెన్రీ మాత్రం నవ్వలేదు. ఆశీర్వాదం కాకముందే లేచి బయటికిపోయాడు, బండి స్టార్ట్ అయిన చప్పుడు వినపడింది.

ఇంట్లో వాడు నా మీద విరుచుకుపడ్డాడు.

"సంఘం ముందర నా తల తీసేస్తివి గదమ్మా! మా నాయిన గుంత కాడ చెప్పిన మాట అది. మరిచిపోతివా?"

"నేనెట్ల మరుస్తారా? ఆయన నాకు మొగుడు. మాటిచ్చింది నువ్వు. అది ఇయ్యల్యా. ఎనిమిదేండ్ల బిడ్డ, నీ చెయ్యి పట్టుకోని నిలబడుకున్యాది, అంతే."

"ఒక్క ఏడే గదమ్మా. ఒక్క ఏడు కండ్లు మూసుకుంటే అయిపోతాది. నేను దుమ్ములో సచ్చేది సాలదా? దాని బతుకన్నా తెల్లగా ఉండాల్నని గాదా!" వాడి బాధ అబద్ధం కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా తడి సున్నంలా కాళ్ళకు పట్టే ఆ రాతిపొడి బురదలో నిలబడి బండలు నున్నగా చేసే మనిషి వాడు. నాకు వాడి మీద కోపం రాలేదు, జాలేసింది.

"నాకొద్దు నాయినా."

ముగ్గురం తిరిగి చూశాం. జీవిత వాకిట్లో నిలబడి ఉంది. గట్టిగా కూడా అనలేదు.

"మరి ఏం జేస్తావ్?" అన్నాడు హెన్రీ.

"తెలీదు."

"తెలీదా?"

"ఇంగా తెలీదు నాయినా."

తువ్వాలు భుజాన వేసుకొని ఆదివారమైనా ఫ్యాక్టరీకి పోయాడు. ఆ తరువాత వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మేం మాత్రం మధ్యాహ్నాలు మిగతా భాగాలన్నీ చూసేశాం. చివరికి నయోమి ఏమైందో చెప్పను, చెబితే మీకు చూసే రుచి పోతుంది. పన్నెండోది మాత్రం పనులన్నీ ముగించుకుని ప్రశాంతంగా కూర్చుని చూడండి. దీనమ్మ కూడా నా మీద కోపంగా ఉంటూనే వచ్చి చూసింది. "రెండు ఉపాసాలు ఊరికే పోలేదులే" అంది.

మే నెల చివర్లో రెండు రోజులు మంచి వానలు పడ్డాయి. జూన్ రెండు వచ్చింది. పొద్దున్నే హెన్రీ తెల్ల చొక్కా వేసుకున్నాడు. మా ముగ్గురికీ ప్రాణం గుప్పిట్లో ఉంది. జీవిత అప్పటికే స్నానం చేసి, ఎక్కడికి రమ్మన్నా వచ్చేటట్టు నిలబడింది. వాడు దాని వైపు చూడకుండా, "నేనొక్కన్నే పోయి మాట్లాడొస్తా" అని బస్సుకు పోయాడు.

వాడేం మాట్లాడొస్తాడో, పిల్లకు ఇంకో బ్యాచీలో చోటు అడిగొస్తాడో మాకు తెలియదు. రోజంతా నేను ఇంట్లోకి వాకిట్లోకి తిరిగాను. పొద్దు వాలేవేళకు వాడు వీధి మలుపులో కనపడ్డాడు. భుజం మీద జీవిత ట్రంకుపెట్టె ఉంది.

వాడు పెట్టె దించి అరుగు మీద కూర్చున్నాడు. కృప నీళ్ళిచ్చింది. తాగకుండా గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

"ఇంతకాలం ఆఫీసు రూము దాటి లోపలికి పోనీలేదమ్మా నన్ను" అన్నాడు. "ఆడపిల్లల హాస్టలు గదా, మంచిదే లెమ్మనుకొంటి. ఈ పొద్దు పెట్టె మోసేకి మనుషులు ల్యారని నన్నే పొమ్మనిరి. పెద్ద నడవ. రెండుపక్కలా గదులు, తలుపులేసి ఉండాయి. లోపల ఫ్యాన్ల శబ్దం, చదువుల శబ్దం. ఇంటరు పిల్లోళ్ళకు సెలవులే ఇయ్యలేదంట. తలుపుకు చిన్న జాలీ. ఒక పిల్ల ఆ జాలీ కాడికొచ్చి గుసగుసగా అడిగె, 'అంకుల్, బయట వానొచ్చిందా?' అని."

వాడు గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మొన్న రెండు దినాలు బాగా వచ్చిందమ్మా అంటి. ఆ పిల్ల ఎనక్కి తిరిగి లోపలోళ్ళకు చెప్పె. వాళ్ళు పక్క గదికి గోడ తట్టి చెప్పిరి. వాళ్ళు ఆ పక్కోళ్ళకు. నేను పెట్టెత్తుకోని గేటు దాటేదాకా ఎనక ఇనపడతానే ఉండె, వానొచ్చిందంట, వానొచ్చిందంట అని."

జీవిత వచ్చి తండ్రి పక్కన అరుగు మీద కూర్చుంది. వాడి చేతిలో గ్లాసు తీసుకొని పక్కన పెట్టింది.

"ఈపాటికి ఆ మాట మూడో అంతస్తు దాకా పోయింటాది నాయినా" అంది.